సింగపూరు పోయి ‘కాదు’ తెచ్చిన సారు

సారు చచ్చిపోయి నెల దాటింది. ఇట్లా రాస్తే బాగుండదు, ‘పరమపదించారు’ అని రాయాలని మా మనుమరాలు అఖిల అంటుంది. అంత పెద్ద మాట రాయడానికి నాకు చేయి తిరగదు. యాభై దాటినాక మహిళా సంఘం బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. ఉన్నది ఉన్నట్టు రాయడమే నాకు సులువు.

ఆయన కామారెడ్డిలో కామర్స్ చెప్పిన కాలేజీవాళ్లు ఆయన మీద ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. పిల్లలతో పాటు సింగపూరు పోయినదానివి, నువ్వూ నాలుగు ముక్కలు రాయవ్వా అని అడిగారు. ఆయన ఎక్కడ పుట్టాడో, ఏమేం చదివాడో తక్కినవాళ్లు రాస్తారు. నాకు తెలిసింది ఆయన తినే తీరు, అడిగే తీరు, కూర్చునే తీరు.

ఆయన అంగీ జేబులో ఎప్పుడూ వేయించిన పల్లికాయలు ఉండేవి. మాట్లాడుతూ ఒలిచేవాడు. గింజలు ఎదుటిమనిషి చేతిలో పెట్టి, పొట్టు ఇంకో జేబులో వేసుకునేవాడు. ఎదుట ఉన్నది ప్రిన్సిపల్ అయినా, కొత్త బస్టాండు దగ్గర ఆటో నడిపేవాడైనా అంతే. నోట్లో పల్లీలు నములుతూ ఎవరూ గట్టిగా కొట్లాడలేరు. అది తెలిసే అట్లా చేసేవాడని నా అనుమానం. ఉతికే ముందు ప్రతి అంగీనీ తిరగేసి దులపడం ఆయన భార్యకు ఒక పని. “ఈయనకు జేబులు కుట్టినోని చేతులు విరగ” అని నా ముందరే తిట్టింది. ఆయన నవ్వి ఆమె చేతిలో కూడా రెండు గింజలు పెట్టాడు. ఆమె తిన్నది.

పిల్లలెవరైనా “సార్, ఒక యాప్ చేస్తున్నం” అని ఉరికొస్తే ఆయన అడిగే మాట ఒక్కటే.

“అది లేకుంటే ఎవలు ఏడుస్తరు?”

పిల్లలు ఆ యాప్ ఎంత బాగుంటుందో చెప్పబోయేవాళ్లు.

“పోండ్రి. ఏడ్చేటోళ్లను ఒక్కలనన్న తోలుకరాండ్రి. అప్పుడు మాట్లాడుదాం.”

కొందరు మళ్లీ కనిపించేవాళ్లు కాదు. కొందరు నిజంగానే ఎవరినో వెంటబెట్టుకొని వచ్చేవాళ్లు. ఒకసారి ఒక పిల్లవాడు వాళ్ల నాయనమ్మను ఆటోలో తెచ్చి స్టాఫ్ రూము ముందు దింపాడని, ఆమె వచ్చిన పని మరిచి కోడలి మీద చాడీలు చెప్పిందని సారే నాకు చెప్పి నవ్వాడు. “ఏడ్చుడైతే ఏడ్చిందవ్వా, కని వేరే దానికి” అన్నాడు.

ఆయనకు కోపం తెప్పించే మాట కూడా ఒక్కటే. ‘చూద్దాం’. ఎవరి నోటనైనా ఆ మాట వస్తే పల్లికాయ ఒలిచేవాడు కాదు, చిదిమేవాడు. “మన దగ్గర ఎవ్వడు కాదనడవ్వా. ఆఫీసోడు చూద్దాం అంటడు. బ్యాంకోడు చూద్దాం అంటడు. కాదంటే మనిషి ఇంటికి పోయి ఇంకో పని చూసుకుంటడు గద! గీ చూద్దాంల పడి సగం ఆయుష్షు పోతది” అనేవాడు.

నాకు ఆయన పరిచయమైంది మా ఊరు ఎల్లారెడ్డిలో, మా ఇంట్లోనే. దానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి.

కాలేజీ వెనుక విరిగిన బెంచీలు పడేసే గది ఒకటి ఉండేది. సారు ప్రిన్సిపల్‌ను బతిమాలి, ఆ బెంచీలు బయట పెట్టించి, పిల్లలు ఏదైనా సొంతంగా తయారుచేసుకోవడానికి ఆ గదిని తీసుకున్నాడు. మా అఖిల, ఇంకో ఇద్దరు ఎల్లారెడ్డి ఆడపిల్లలు అక్కడే ఒక పని మొదలుపెట్టారు. కోతలయ్యాక మా దగ్గర వడ్లు కొనుగోలు సెంటరు ముందు కుప్పలు పోసి కాంటా కోసం, అంటే తూకం కోసం, కనిపెట్టుకొని ఉంటారు. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. మా కోడలు, అంటే అఖిల తల్లి, బీడీల చాట కూడా అక్కడికే పట్టుకుపోయి కుప్ప పక్కన కూర్చుని చుట్టేది. ఆకాశంలో మబ్బు కనపడితే ఆమెకు చేతులు ఆడేవి కావు. అందుకని ఈ పిల్లలు రైతు ఫోనుకు కాల్ వచ్చేలా ఒకటి చేశారు. మెసేజ్ అయితే చదువురానివాళ్లకు పనికిరాదు. ఫోను మోగి, మన మాటలోనే ‘రేపు పొద్దుగాల నీ కుప్ప కాంటా ఎక్కుతది’ అని చెప్తుంది.

అదే ఏడు, ఒకప్పుడు ఆ కాలేజీలో చదివి పైకొచ్చినవాళ్లు కొందరు ఖర్చు పెట్టుకొని, కొత్తగా కంపెనీలు పెట్టేవాళ్లు ఎట్లా పనిచేస్తారో చూసి రమ్మని పిల్లలను సింగపూరు పంపుతామన్నారు. ప్రిన్సిపల్‌కు ఆ గది మీద ముందునుంచీ కన్ను ఉంది. “అక్కడ ఒక్క కంపెనీ అయినా మన పిల్లల పని బాగుందంటే గది వాళ్లదే సార్. లేకపోతే బెంచీలు లోపలికి పోతయి” అన్నాడు. సారు ఒప్పుకున్నాడు. గది ఉంటుందా పోతుందా అనేది ఆ ప్రయాణం మీద పడింది.

అయితే ఎల్లారెడ్డి ఆడపిల్లలను ఇండ్లలో పంపలేదు. అందుకే సారు కామారెడ్డి నుంచి స్కూటరు మీద వచ్చాడు. మా కొడుకు మస్కట్‌లో పనిచేస్తాడు. వీడియో కాల్‌లో వాడిని కూర్చోబెట్టి మాట్లాడాడు.

“సార్, పరాయి దేశం ఎట్లుంటదో నాకెర్కే. వెంబడి పెద్దమనిషి ఆడామె లేకుండ పిల్లను పంప” అన్నాడు మా వాడు.

సారు వాదించలేదు. నా చేతిలో గింజలు పెట్టాడు.

“అవ్వా, నువ్వు చెప్పు. నీ మనుమరాలు చేసిన ఫోను పని ఎట్లుంది?”

“ఎట్లుంటది? నిన్న మోగింది. రేపు నీ కుప్ప కాంటా ఎక్కుతది అన్నది. మా వడ్లు అమ్మి నెలయింది” అన్నాను.

అందరూ నవ్వారు. అఖిల మొహం కందగడ్డ అయింది. సారు నవ్వలేదు. పోయిన వస్తువు దొరికినవాడిలా నన్ను చూశాడు.

“గీ మాట నాకు ఎవ్వరు చెప్పలె. అందరు బాగుంది సార్, బాగుంది సార్ అన్నరు. అవ్వా, సింగపూరు వస్తవా?”

“నేనా! నేను పోతే బీడీలు ఎవలు చుడుతరు?”

“ఆడ నీకు ఒక్కటే పని. తప్పు కనవడితే చెప్పుడు.”

లోపలి నుంచి మా కోడలు అందుకుంది. “గా పని ఆమెకు వేరే చెప్పాల్నా సార్? పొద్దందాక గదే చేస్తది.”

ఫోనులో మా వాడు కూడా నవ్వాడు. అమ్మ పోతే సరే అన్నాడు. నేను పెద్దమనిషిగా విమానం ఎక్కడం అట్లా ఖాయమైంది.

హైదరాబాదు విమానాశ్రయంలో జేబులు ఖాళీ చేయమన్నారు. సారు జేబులోంచి పొట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా వచ్చి ప్లాస్టిక్ తట్ట నిండింది. తనిఖీ చేసే మనిషి దాన్నీ సారునూ మార్చి మార్చి చూశాడు. “ఇదేంది సార్?” అన్నాడు. “పొట్టు” అన్నాడు సారు, అడిగినదానికి జవాబు చెప్పినట్టు. అంతమంది ముందు నాకు సిగ్గనిపించింది. ఆయనకు ఏమీ అనిపించలేదు.

సింగపూరు గురించి నేను పెద్దగా రాయను. ఎండ మన ఎండే, చెమట మన చెమటే. రోడ్డు మీద ఉమ్మేవాళ్లు లేరు. మొదటి రోజు ఒక కంపెనీకి పోయాం. అక్కడ ఎవరు పెద్దో ఎవరు చిన్నో నాకు తెలియలేదు. ఒక చెడ్డీ వేసుకున్న పిల్లగాడు నెరిసిన జుట్టు ఆయనతో ఏదో అన్నాడు. ఆ పెద్దాయన తల ఊపి, బోర్డు మీద రాసింది తుడిచేశాడు.

సారు నా చెవి దగ్గరకు వంగాడు. “అవ్వా, ఏమన్నడో తెలుసా? నువ్వు చెప్పింది తప్పు అన్నడు. గా పెద్దాయన కంపెనీ ఓనరు.”

“కొట్టలేదేంది మరి?”

“గదే జూడు” అన్నాడు. ఆయన కండ్లు పండుగనాడు పిల్లల కండ్లలా ఉన్నాయి. ఆ రోజంతా మా పిల్లలను ఒక్కొక్కరినే పట్టుకొని “చూసినవా? విన్నవా?” అని అడుగుతూనే ఉన్నాడు.

రెండో రోజుది అసలు కంపెనీ. వేరే దేశాల రైతులకు ఫోన్ల ద్వారా పనికొచ్చేవి తయారుచేస్తారట. పెట్టింది ఒక ఆడామె. మా అఖిల కంటే పదేండ్లు పెద్దదేమో. అఖిల వాళ్లు చేసింది చూసి చెప్పడానికి అరగంట ఇచ్చింది.

ఇక్కడ మేం చేసిన పని చెప్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మన దగ్గర శాలువా కప్పకుండా పెద్దవాళ్లతో మాట మొదలుపెడితే అది అవమానం. ప్రిన్సిపల్ సంచి నిండా శాలువాలు, మెమెంటోలు పంపాడు. ఆ సంచి మోసింది సారే. మా పిల్లల్లో కాలేజీ సభలన్నీ నడిపించే యాంకర్ పిల్లగాడు ఒకడున్నాడు. ఆ గదిలో వేదిక లేదు. టేబుల్ జరిపి, నాలుగు కుర్చీలు వరుసగా వేసి, వేదిక తయారుచేశాడు. మైకు లేకున్నా మైకు పట్టుకున్నట్టే చేయి పెట్టుకొని ఇంగ్లీషులో ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచాడు. నన్నూ పిలిచాడు. ఇద్దరు ఆడపిల్లలు ప్రార్థన పాడారు. తర్వాత అందరి పరిచయాలు. తర్వాత సన్మానం. శాలువా నేనే కప్పాను. ఆమె కండ్లద్దాలు శాలువా అంచుకు చిక్కుకుంటే విడిపించడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత మెమెంటో. తర్వాత ఫోటో. ఒకరు కండ్లు మూశారని మళ్లీ ఫోటో. తర్వాత వందన సమర్పణ.

వందన సమర్పణలో డ్రైవరు పేరు చెప్తుండగా అరగంట అయిపోయి, గాజు తలుపు బయట ఆమె కోసం తర్వాతివాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆమె లేచి, శాలువాతోనే, చేతులు జోడించి చాలా సంతోషం అని చెప్పి వెళ్లిపోయింది.

అఖిల ల్యాప్‌టాప్ తెరుచుకొని గోడ పక్కన నిలబడే ఉంది. తెర మీద మా ఊరి వడ్ల కుప్ప బొమ్మ.

బయటకు వచ్చాక నేను ఊరుకోలేదు. “ఏందిది సారూ? అన్నం పెట్టకుండనే ఆకులు ఎత్తినట్టయింది.”

యాంకర్ పిల్లగాడు ఏడుపు మొహంతో, “నాదే తప్పు సార్” అన్నాడు.

“నీది కాదురా. నువ్వు మంచిగనే చేసినవు. జర ఖరాబుగ చేసినా టైం మిగులుతుండె” అన్నాడు సారు. “సంచి మోసింది నేను. ఆపకపోయింది నేను.”

ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాడు. పల్లికాయ ఒలిచాడు గానీ ఎవరికీ ఇవ్వలేదు, తనూ తినలేదు. కొంచెం సేపటికి లేచి, “అవ్వా, రేపు అందరు పక్షుల పార్కు చూడవోతరు. మనం ముగ్గురం ఈడికే వద్దాం” అన్నాడు.

మర్నాడు పొద్దున సారూ అఖిలా నేనూ అదే కంపెనీకి పోయాం. ముందు టేబుల్ దగ్గర కూర్చున్న పిల్ల, అపాయింట్‌మెంట్ ఉందా అని అడిగింది; అఖిల నాకు తెలుగులో చెప్తూ ఉంది. లేదన్నాడు సారు. ఈ రోజు ఆమెకు తీరిక లేదు అన్నది. పర్వాలేదు, కూర్చుంటాం అన్నాడు. ఆ పిల్లకు ఏం చేయాలో తోచలేదు. అట్లా ఊరికే వచ్చి కూర్చునేవాళ్లను ఆమె చూసి ఉండదు.

“సార్, వాళ్లు ఏమన్న అనుకుంటరు. పోదాం సార్” అని అఖిల గొణిగింది.

“మనకు రాని పనులు మస్తున్నయి బిడ్డా. కూసునుడు మాత్రం మంచిగ వచ్చు. కామారెడ్డిల ఒక్క సంతకం కోసం చెక్క బల్ల మీద నెలలు కూసున్నోణ్ణి. గీ మెత్తటి సోఫల కూసుండనా?”

కూర్చున్నాం. ఆయన కూర్చోవడం నేను ఆ రోజే సరిగ్గా చూశాను. కాళ్లు ఊపడు. గడియారం చూడడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆశగా లేవడు. తన ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే కూర్చుంటాడు. వచ్చేవాళ్లు పోయేవాళ్లు మమ్మల్ని చూసి మొదట తల తిప్పుకున్నారు, తర్వాత నవ్వారు, ఒకాయన నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మధ్యాహ్నం కంపెనీ పెట్టినామె బయట నుంచి అన్నం డబ్బా పట్టుకొని వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. సారు లేచి, నిన్న మీ సమయమంతా మేమే తినేశాం, ఈ పిల్లకు మీరు తినేంతసేపు ఇవ్వండి చాలు అన్నాడు. ఆమె నవ్వి, మా ఎదురుగా కూర్చొని డబ్బా తెరిచింది.

అఖిల చెప్పింది. సారు మధ్యలో ఒక్క మాట కూడా అందుకోలేదు. నాకు ఇంగ్లీషు రాదు గానీ మొహం చదవడం వచ్చు. ఆమె మొదట తింటూ విన్నది. తర్వాత చెంచా పక్కన పెట్టింది. రెండు మూడు ప్రశ్నలు అడిగింది. అఖిల గొంతు చిన్నదవుతూ వచ్చింది. చివరికి ఆమె “నో” అన్నది. ఆ మాట నాకూ అర్థమైంది. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు, కోపం లేకుండా అన్నది. తర్వాత ఇంకొంచెం మాట్లాడి, అఖిల చేయి పట్టుకొని ఊపి, లోపలికి పోయింది.

బయటకు రాగానే అఖిల ఏడ్చింది. “గది పోయింది సార్” అన్నది.

“ఏమన్నదామె?” అని నేను అడిగాను.

సారు చెప్పాడు. “రేపు నీ వంతు అని ఫోను చెప్తది. కని వంతు చెప్పాల్సింది సెంటరోళ్లు గద? వాళ్లు మధ్యల ఎవలనన్న ముందల్కి జరిపితే, మీ ఫోను రైతుకు అబద్ధం చెప్పినట్టే. గిది గిట్ల నిలవడదు అన్నదవ్వా.” చెప్తుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. గది పోయినవాడిలా లేడు. “ఎంత మంచిగ చెప్పింది! చూద్దాం అనలె. మెయిల్ పెట్టుండ్రి అనలె. ఏడ తప్పుందో ఏలు పెట్టి చూపెట్టింది.” తర్వాత అఖిల వైపు తిరిగాడు. “నిజం చెప్పు బిడ్డా. ఆమె అడిగింది నీకు ముందే ఎర్కనా?”

అఖిల కండ్లు తుడుచుకుంది. “ఎర్కే సార్. పెద్దమనిషి ఎవలన్న ఫోన్ కొడితే కుప్ప ముందల్కి వస్తది. మా ఊర్ల అందరికెర్కే.”

“మరి నాకెందుకు చెప్పలె?”

“మీరు గూడ బాగుందనే అన్నరు గద సార్.”

ఆయన నడుస్తున్నవాడల్లా ఆగాడు. “అన్న. నేను గూడ అన్న” అన్నాడు. తెలిసిన పిల్ల, బీదింటి పిల్ల, మనసు నొచ్చుకుంటుందని అని ఉంటాడు. అందరూ అట్లాగే అంటారు. కానీ దాన్ని రోడ్డు మీద నిలబడి ఒప్పుకున్న చదువుకున్నవాడిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

తిరిగి వచ్చాక కాలేజీలో సభ పెట్టారు. తల్లిదండ్రులు వచ్చారు, పేపరువాళ్లు వచ్చారు. మళ్లీ శాలువాలు. సారును మాట్లాడమన్నారు. “ఒక కంపెనీ మన పిల్లల పనిని మొత్తం విన్నది. విని, కాదన్నది” అన్నాడు. అలవాటు కొద్దీ జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అర్థమై ఒక్కొక్కరే ఆపేశారు. సారు మాత్రం ఎందుకు కాదన్నారో అంతా విడమర్చి చెప్పి, తృప్తిగా కూర్చున్నాడు.

సాయంత్రానికి బెంచీలు గదిలోకి పోయాయి. ప్రిన్సిపల్ చెడ్డవాడు కాదు, అన్న మాట మీద ఉన్నాడు. సారు కూడా అడగలేదు. మర్నాడు పిల్లల కంప్యూటర్లు తెచ్చి స్టాఫ్ రూములో తన టేబుల్ మీద పెట్టించాడు. ఇక చూడండి. ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ల వెనుక ఇంకో నలుగురు, పొద్దస్తమానం అక్కడే. మోగే ఫోన్లు, వాదులాటలు, పల్లీ పొట్టు. లెక్చరర్లకు చాయ్ తాగే జాగా కూడా లేకుండా పోయింది. నెల తిరగకముందే వాళ్లే గుంపుగా ప్రిన్సిపల్ దగ్గరకు పోయి, “వాళ్ల గది వాళ్లకిచ్చెయ్యండి సార్, మీకు దండం పెడతం” అన్నారట. ప్రిన్సిపల్ ఇచ్చాడు. “మీరు ఉన్నన్ని రోజులే, మీ పూచీ మీదనే” అని సారుతో చెప్పి మరీ ఇచ్చాడు.

అదే గదిలో అఖిల వాళ్లు పనిని మార్చారు. ఇప్పుడు ఫోను రేపటి సంగతి చెప్పదు. ఒక కుప్ప కాంటా ఎక్కగానే ఊరందరికీ మోగి, ‘ఇప్పుడు ఫలానా ఆయన వడ్లు జోకుతున్నరు’ అని చెప్తుంది. అంతే. ఎల్లారెడ్డి సెంటరు నడిపేది మా మహిళా సంఘమే కాబట్టి ఒక సీజను పెట్టి చూశాం. ఎవరిదైనా ముందుకు జరిగితే ఊరంతటికీ ఆ నిమిషమే తెలుస్తుంది. ఒకాయన కుప్పను వెనకనుంచి ముందుకు తెచ్చిన రోజు, కాంటా దగ్గరకు పది మంది ఆడవాళ్లు బీడీల చాటలు చంకన పెట్టుకొని వచ్చారు. ఆయన కుప్ప మళ్లీ వెనక్కి పోయింది.

ఆ సీజను అయ్యాక సారుకు కడుపులో గడ్డ అని తేలింది. హైదరాబాదు తీసుకుపోయి, కొన్ని వారాలు ఉంచి, తిరిగి కామారెడ్డి ఇంటికి పంపారు. నేను చూడబోయాను. అఖిల కూడా వచ్చింది.

మంచం మీద ఉన్నాడు. సగం మనిషి అయ్యాడు. చుట్టూ చుట్టాలు, తోటి లెక్చరర్లు. “తగ్గుతది సార్.” “దసరాకు మీరు క్లాసు చెప్తరు.” అందరిదీ అదే పాట. ఆయన భార్య వంటింట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉంది. ఒకసారి నీళ్లు తెస్తుంది, ఒకసారి దుప్పటి సర్దుతుంది, మళ్లీ లోపలికి పోతుంది. నేను ఉన్నంతసేపూ ఆమె ఆయన దగ్గర ఒక్క నిమిషం కూర్చోలేదు.

జనం పలచబడ్డాక ఆయన నన్ను దగ్గరకు పిలిచాడు.

“అవ్వా, గది గురించి ప్రిన్సిపల్‌ను అడగాలె. కొత్త కోర్సు వస్తున్నదట, గా గది కావాల్నంటున్నడట. నేను మంచిగయినంక పోయి మాట్లాడుదామనుకుంటున్న. అందరు మంచిగైతవంటున్నరు.” నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. నేను బతుకుతనా?”

గుమ్మం దగ్గర అఖిల నిలబడి ఉంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

మా ఇంటాయన్ను కూడా ఇట్లాగే హైదరాబాదు నుంచి పంపారు. అప్పుడూ తగ్గుతది అనే అన్నారు. ఆయన చేయవలసిన పనులు, అనవలసిన మాటలు అన్నీ లోపలే ఉండిపోయాయి.

“బతకవు బిడ్డా” అన్నాను.

ఆయన భార్య ఉరికొచ్చింది. “ఏం మాటవ్వా గది! నోట్ల నాలుక ఉన్నదా లేదా నీకు?”

“ఉండు” అని ఆయన చేయి ఎత్తాడు. కొంచెం సేపు పైకప్పు వైపు చూశాడు. కంటి కొసల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి, తుడుచుకోలేదు. తర్వాత, “ప్రిన్సిపల్‌ను పిలువుండ్రి. ఇయ్యాల్నే” అన్నాడు.

పొద్దు వాలకముందే ప్రిన్సిపల్ పండ్లు పట్టుకొని వచ్చాడు. సారు గది మాట ఎత్తాడు.

“అవన్నీ ఇప్పుడెందుకు సార్. ముందు మీరు కోలుకోండి. తర్వాత చూ...” అని ప్రిన్సిపల్ సగంలో ఆగాడు.

“నేను కోలుకోను సార్. అవ్వ చెప్పింది.” ఆ మాట సారు మామూలుగానే అన్నాడు. “నా పూచీ అయిపోయింది. గది పిల్లలకు ఉంటదా, పోతదా? పోతదంటే గూడ సరే. మా ఇంట్ల ముందర్రూం ఖాళీ చేయిస్త. తెలిస్తే చాలు నాకు.”

ప్రిన్సిపల్ నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. ఆయనే దించుకున్నాడు. “ఉంటది సార్” అన్నాడు.

“నాకు కాదు. పిల్లకు చెప్పుండ్రి.”

ప్రిన్సిపల్ గుమ్మం వైపు తిరిగి, “గది మీదేనమ్మా. మీ తర్వాత వచ్చే పిల్లలది” అన్నాడు. పండ్లు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాట మీద ఆయన ఇప్పటికీ ఉన్నాడు, అది కూడా రాయాలి.

మేం లేచే వేళకు సారు భార్య గోడకు ఆనుకొని నిలబడి ఉంది. సారు పక్కకు కొద్దిగా జరిగి, మంచం మీద చోటు చేశాడు.

“ఇగ నా ముందల దాచుడు లేదు గద” అన్నాడు ఆమెతో. “వచ్చి కూసో.”

ఆమె వచ్చి కూర్చుంది.